సాఫ్ట్‌వేర్ కొనాలా, చేయించుకోవాలా, ఆగాలా: ఓరుగల్లు వైపు సంస్థలకు ఒక పోలిక

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇరవై నుంచి రెండొందల మంది దాకా పనిచేసే సంస్థలు చాలా ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు, నర్సింగ్ హోంలు, కాలేజీలు, పాల సంఘాలు. వీటిలో కంప్యూటర్ లేనిది ఇప్పుడు కనబడదు. కానీ అది వచ్చింది ముక్కలు ముక్కలుగా. అకౌంట్లు ట్యాలీలో ఉంటాయి, స్టాకు ఎక్సెల్‌లో ఉంటుంది, ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి, అసలు సంగతి మాత్రం పాత గుమస్తా దగ్గరున్న చిట్టాలో ఉంటుంది. అన్నీ ఒకచోటికి తేవాలని యజమాని అనుకోగానే రకరకాల సలహాలు మొదలవుతాయి. రెడీమేడ్ కొనమని ఆడిటర్ అంటారు, చేయించుకుందామని హైదరాబాద్‌లో చదివొచ్చిన కొడుకు అంటాడు, ఇప్పుడున్నది బాగానే ఉంది కదా అని మేనేజర్ అంటారు.

ఇలాంటి సంస్థలకు ఎంపికలో సాయం చేయడమే నా పని. ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడటం వల్ల పెద్దగా ఏమీ తేలదని నా గట్టి నమ్మకం. రోజూ ఎంట్రీ కొట్టే మనిషి "ఇది ఇక్కడ సరిపోవట్లేదు" అని చెప్తే, ఆ మాట ఎవరి దాకా పోతుంది, ఎన్ని రోజుల్లో మారుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు ఏ దారిలో మంచి జవాబు ఉంటే ఆ దారి తీసుకోండి. కింద చెప్పేవన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

కొనేముందు ఒక బస్తా వెంట నడవండి

మిర్చి కోల్డ్ స్టోరేజీనే తీసుకుందాం. బస్తా గేటు దగ్గరికి వస్తుంది, కాంటా అవుతుంది, లాట్ నంబర్ పడుతుంది, ఏ ఛాంబర్‌లో ఏ వరుసలో పెట్టారో రాస్తారు, రైతుకు గానీ వ్యాపారికి గానీ బాండ్ (నిల్వ రసీదు) ఇస్తారు. ఆ బాండ్ మీద బ్యాంకు లోను కూడా ఉండొచ్చు. బస్తాలు బయటికి పోయేటప్పుడు ఇదంతా వెనక్కి జరగాలి. ఈ దారిలో ఒకే లాట్ నంబర్‌ను ఎంతమంది, ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ రాస్తున్నారో ఒక కాగితం మీద వేయండి. ఆఫీసులో కూర్చుని కాదు, హమాలీల వెంట, గుమస్తా వెంట నడిచి.

చాలాచోట్ల ఒకే నంబర్ నాలుగు పుస్తకాల్లో ఉంటుంది. వాటిలో రెండు పుస్తకాలు ఎందుకు మొదలయ్యాయో కూడా ఎవరికీ తెలియదు. దీన్ని సరిచేయకుండా సాఫ్ట్‌వేర్ పెడితే ఆ నాలుగు పుస్తకాలు నాలుగు స్క్రీన్లవుతాయి, పని తగ్గదు. ముందు రెండు పుస్తకాలు తీసేయండి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఒక్కోసారి ఇంతటితోనే సగం ఇబ్బంది తీరిపోయి, కొనాల్సిన సాఫ్ట్‌వేర్ చిన్నదవుతుంది.

ఇదే నడకలో ఇంకోటి బయటపడుతుంది. గుమస్తా అడుగుతాడు: "సేటూ, తడిసిన బస్తాలు వేరే పెడ్తం కదా, అవి కొత్త దాంట్ల యాడ రాయాలె?" ఇలాంటి ప్రశ్నలు రాసి పెట్టుకోండి. అమ్మేవాళ్లు డెమో ఇవ్వడానికి వచ్చినప్పుడు వాళ్లు తెచ్చిన నమూనా లెక్కలు చూడొద్దు. ఈ ప్రశ్నలు ముందు పెట్టి, మీ గుమస్తాను పక్కన కూర్చోబెట్టి, చేసి చూపించమనండి.

రెడీమేడా, చేయించుకోవడమా

నాలుగు దారులున్నాయి. మొదటిది, ఇప్పుడున్న ఎక్సెల్, గూగుల్ షీట్లనే పద్ధతిగా వాడుకోవడం. రెండోది, ట్యాలీ, జోహో లాంటి రెడీమేడ్. మూడోది, ఇక్కడి డెవలపర్‌తో మనకు సరిపడేలా రాయించుకోవడం. నాలుగోది, ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్) తీసుకుని దాన్ని మనకు తగ్గట్టు మలుచుకోవడం. శాప్ లాంటి పెద్ద ఈఆర్‌పీ (సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) సింగరేణి అంత సంస్థకు సరే, మన స్థాయికి దాని జోలికి పోవద్దు.

మొదటి దారిని చాలామంది చిన్నచూపు చూస్తారు. పది మంది లోపు ఎంట్రీ చేసే సంస్థలో, లెక్క ఒకచోటే పుట్టి ఒకచోటే ముగిసేటప్పుడు, పద్ధతిగా కట్టిన షీటు చాలు. కాలమ్ పేరు మార్చాలంటే ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఎవరు పడితే వాళ్లు పాత అంకె మార్చేయగలగడం దీని బలహీనత. డబ్బు లెక్క అందులో పెట్టొద్దు. స్టాకు, హాజరు, ఫిర్యాదులు, వాహనాల రాకపోకలకు పనికొస్తుంది.

అకౌంట్ల విషయంలో నాకు రెండో మాట లేదు, రెడీమేడే. కారణం చట్టం. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేట్ లిమిటెడ్ సహా కంపెనీలన్నీ వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరి. 50 వేలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కావాలి. ఈ నిబంధనలు మారినప్పుడల్లా వెంటపడి సరిచేయడం పెద్ద కంపెనీలకు రోజువారీ పని. ఒక్క కుర్రాడు రాసిచ్చిన ప్రోగ్రామ్‌కు అది మోయలేని బరువు.

మన పనికి ప్రత్యేకమైన చోటు వేరు. ఛాంబర్లు, వరుసలు, తడి బస్తాలు, బాండ్లు, హమాలీ కూలి లెక్క. ఇవి రెడీమేడ్‌లో అచ్చంగా దొరకవు. ఇక్కడ రెండు తప్పుడు దారులు కనిపిస్తాయి. రెడీమేడ్‌ను పట్టుకుని మన పద్ధతికి తగ్గట్టు అడ్డదిడ్డంగా మార్పించడం ఒకటి, అకౌంట్లతో సహా అన్నీ కొత్తగా రాయించడం ఇంకోటి. మొదటిదానికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ జర్మనీ సూపర్ మార్కెట్ల సంస్థ లిడ్ల్. వాళ్లు సరుకు విలువను కొన్న ధరతో లెక్కకట్టేవాళ్లు. శాప్ పద్ధతి అమ్మే ధర మీద నడుస్తుంది. తమ పద్ధతి మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మారుస్తూ పోయారు. ఏడేళ్ల తర్వాత, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక, 2018లో మొత్తం పక్కన పెట్టేశారు. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్నచోటే అది కుదరలేదు.

అందుకే నేను చెప్పేది కలిపి వాడమని. జీతాలు, జీఎస్టీ, అకౌంట్లు రెడీమేడ్‌లో పెట్టండి, అక్కడ మన పద్ధతినే దానికి తగ్గట్టు మార్చుకోండి. మన వ్యాపారాన్ని పక్కవాడి నుంచి వేరు చేసే ఒకటి రెండు పనులకు మాత్రం చిన్న ప్రోగ్రామ్ రాయించుకోండి. సాయంత్రం దాని లెక్క అకౌంట్లలోకి పోయేలా చూసుకుంటే సరిపోతుంది.

ఖర్చు గురించి. రెడీమేడ్‌లో మనిషికి నెలకు 500 రూపాయలనుకుందాం. ఇరవై మందికి నెలకు 10 వేలు, ఐదేళ్లకు 6 లక్షలు. రాయించుకుంటే 4 లక్షలనుకుందాం, మొదటి ఏడాది తర్వాత నిర్వహణకు ఏటా 20 శాతం, అంటే 80 వేలు. నాలుగేళ్లకు 3 లక్షల 20 వేలు, మొత్తం 7 లక్షల 20 వేలు, సర్వర్ ఖర్చు వేరు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీకు వచ్చిన కొటేషన్లు పెట్టి ఇలాగే ఐదేళ్లకు లెక్కవేయండి. చాలాసార్లు రెండూ దగ్గరగానే వస్తాయి. "ఒకసారి కడితే చాలు" అన్న మాట విని చేయించుకోవడం వైపు మొగ్గేవాళ్లు నిర్వహణ ఖర్చును మరిచిపోతారు.

చేయించుకునేటప్పుడు ఒప్పందంలో మూడు మాటలు రాయించండి: సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ అసలు రాత) మనది, సర్వర్ ఖాతా మన పేరు మీద, చిన్న మార్పులకు ఇన్ని రోజుల గడువు. ఈ మూడూ లేకపోతే డెవలపర్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజు మీ పని ఆగిపోతుంది. వరంగల్‌లో ఎన్ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, మడికొండలో ఐటీ కంపెనీలు వచ్చాయి, కరీంనగర్‌లో 2020 నుంచి ఐటీ టవర్ ఉంది. పని చేసిపెట్టే మనుషులు దొరుకుతారు. కాకపోతే ఒక్క మనిషి మీద ఆధారపడకుండా, కనీసం ఇద్దరున్న చోట ఇవ్వండి. ఓపెన్ సోర్స్ అయితే కోడ్ ఎలాగూ తెరిచే ఉంటుంది, ఒకరు వెళ్లిపోతే ఇంకొకరు అందుకోవచ్చు. సంస్థలో కంప్యూటర్ తెలిసిన మనిషి ఒకరైనా ఉంటే నాలుగో దారి మీద నాకు ఎక్కువ ఇష్టం.

ఒకేసారి మారాలా, విడతలుగానా

విడతలుగానే. దీనికి మినహాయింపు చాలా తక్కువ. ఉదాహరణకు కొత్తగా తెరిచే సంస్థ.

అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 1999లో కొత్త ఈఆర్‌పీకి మారింది. అన్ని భాగాలూ ఒకేసారి, అదీ జూలైలో, హాలోవీన్ ఆర్డర్లు ఊపందుకునే ముందు. గోదాముల్లో సరుకు ఉంది, కంప్యూటర్‌కు అది కనబడలేదు. 10 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆర్డర్లు పంపలేకపోయారు. మన దగ్గర జనవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తుతుంది. నిజామాబాద్‌లో పసుపు కూడా దాదాపు అప్పుడే. పత్తి అక్టోబర్ నుంచే మొదలవుతుంది. కాలేజీలకు జూన్, ములుగు వైపు ఆసుపత్రులకూ బస్సులు తిప్పేవాళ్లకూ మేడారం జాతర జరిగే నెల. మీ సీజన్ మొదలవడానికి కనీసం రెండు నెలల ముందే మార్పు పూర్తయి ఉండాలి. అమ్మేవాళ్లు "మార్చి లోపు తీసుకుంటే డిస్కౌంట్" అన్నా సరే, సీజన్ మధ్యలో ముట్టుకోవద్దు.

విడత అంటే డిపార్ట్‌మెంట్ వారీగా మాత్రమే కాదు. ఒక పనిలో ఒకే ఒక మెట్టును మార్చడం కూడా విడతే. జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లో 21 మార్కెట్లతో మొదలైంది. నిజామాబాద్ మొదటి జాబితాలోనే ఉంది. అక్కడ వ్యాపారి పసుపు కుప్ప దగ్గరికి వచ్చి కొమ్ము విరిచి చూసుకోవడం ఆగిపోలేదు. ధర వేయడం మాత్రం ఫోన్‌లోకి వచ్చింది. చేతితో చూడాల్సింది చేతికి వదిలి, గుట్టుగా జరిగే అవకాశం ఉన్న మెట్టును కంప్యూటర్‌కు ఇవ్వడం నాకు బాగా నచ్చిన పద్ధతి. మీ సంస్థలో కూడా ఎక్కువ తగాదాలు వచ్చే మెట్టు ఏదో చూసి అక్కడే మొదలుపెట్టండి.

పాత లెక్కల సంగతి ఇక్కడే చెప్పాలి. 2020 అక్టోబర్ 29న తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైనప్పుడు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) తహసీల్దార్ ఆఫీసులో ఒకే రోజు అయిపోవడం నిజంగా పెద్ద సౌకర్యం. కానీ పాత రికార్డుల్లోని తప్పులు కూడా దాంతోపాటే లోపలికి వచ్చాయి. వాటిని కింది స్థాయిలో సరిదిద్దే దారి లేక ఎంతోమంది రైతులు ఏళ్ల తరబడి తిరిగారు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో సవరణలకూ అప్పీళ్లకూ వేర్వేరు స్థాయిల్లో అధికారం పెట్టాల్సి వచ్చింది. చిన్న సంస్థకైనా ఇదే వర్తిస్తుంది. పాత ఖాతాలను ఎక్కించే ముందు ఒక్కో ఖాతాదారుడితో బాకీ సరిచూసి సంతకం తీసుకోండి. ఎక్కించాక తప్పు దొరికితే ఎవరు, ఎలా సరిదిద్దాలో మొదటి రోజే రాసి గోడకు అంటించండి.

కొత్తదీ పాతదీ పక్కపక్కన నడపడం ఒక నెల చాలు. అంతకు మించితే జనం పాతదాన్నే నమ్ముతారు, రెండు పనులు చేయలేక కొత్తదాంట్లో ఏదో ఒకటి కొట్టి వదిలేస్తారు.

ఎవరు నడిపించాలి

బయటి కన్సల్టెంట్‌కు పది చోట్ల చూసిన అనుభవం ఉంటుంది. మన తడి బస్తాల సంగతి తెలియదు. యజమాని కొడుక్కో కూతురికో ఉత్సాహం ఉంటుంది, కానీ వాళ్ల ముందు గుమస్తా "ఇది కుదరదు" అనలేడు. ఆఫీసు మేనేజర్‌కు పని తెలుసు, రోజువారీ పనిలో తీరిక ఉండదు. ముగ్గురిలో ఎవరినీ ఒంటరిగా పెట్టొద్దు.

నేను సూచించేది నలుగురి జట్టు. రోజూ ఎంట్రీ చేసే మనిషి ఒకరు, గేటు దగ్గరో వార్డులోనో కౌంటర్‌లోనో పనిచేసేవాళ్లు ఒకరు, అకౌంట్ల మనిషి ఒకరు, వెంటనే నిర్ణయం తీసుకోగల అధికారం ఉన్నవాళ్లు ఒకరు. వారానికి ఒక పూట వాళ్లను మామూలు పని నుంచి తప్పించాలి. పని అంతా అయ్యాక రాత్రి ఎనిమిదింటికి కూర్చోమంటే ఎవరి బుర్రా పనిచేయదు. చిన్న చిన్న వాటికి అడగకుండా ఖర్చు పెట్టుకునేలా కొంత డబ్బు వాళ్ల చేతిలో పెట్టండి. ఒక బార్‌కోడ్ స్కానర్ కొనడానికి మూడు సంతకాలు కావాలంటే ఆ జట్టు రెండో నెలకే నీరుగారిపోతుంది. కన్సల్టెంట్‌ను తీసుకున్నా ఈ జట్టుకు సలహాదారుగానే తీసుకోండి, జట్టు మీద పెద్దగా కాదు.

కొత్త ఆలోచనలు రావాలంటే సలహాల పెట్టె పెట్టాలా, బహుమతి ఇవ్వాలా, పోటీ పెట్టాలా అని అడుగుతారు. పెట్టె ఒక్కటే పెట్టి వదిలేస్తే అందులో దుమ్ము తప్ప ఏమీ ఉండదు. టయోటా 1951లో ఉద్యోగుల సలహాల పద్ధతి మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతోంది. అక్కడ బహుమతి చిన్నది. ప్రతి సలహాకూ జవాబు వస్తుంది, పనికొచ్చేది అయితే చెప్పిన మనిషి చేతే చేయిస్తారు. ఆ కంపెనీలోనే లైను మీద పనిచేసే ఎవరైనా తేడా కనిపిస్తే తాడు లాగి సాయం పిలవొచ్చు, అవసరమైతే లైను ఆగుతుంది. మన దగ్గర దానికి సమానమైనది, కొత్త సాఫ్ట్‌వేర్‌లో లెక్క తేడాగా ఉందని గుమస్తాకు అనిపిస్తే, ఎవరినీ అడగకుండా ఆ రోజుకు పాత చిట్టా మీద పని నడిపే అధికారం ఇవ్వడం. ఇస్తే దుర్వినియోగం చేస్తారని భయపడతారు. ఆ అధికారం ఉన్నచోట జనం దాన్ని చాలా జాగ్రత్తగా వాడటమే నేను చూశాను.

మొదటి నెలల్లో తప్పుల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. హార్వర్డ్‌లో పనిచేసే ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. అక్కడ తప్పులు ఎక్కువ జరగడం వల్ల కాదు, భయపడకుండా చెప్పడం వల్ల. తప్పు చెప్పినవాళ్ల జీతంలో కోత పెట్టే సంస్థలో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది, గోదాములో బస్తాలు మాత్రం తగ్గుతాయి. ఇలాంటి సంస్థ యజమాని సలహాకు వస్తే ముందు కోత ఆపమని చెప్తాను, సాఫ్ట్‌వేర్ మాట తర్వాతే.

బయటికి వచ్చే దారి

ఏది కొన్నా, నచ్చకపోతే మన లెక్కలు మనం ఎలా తీసుకెళ్తామో ముందే అడగండి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు దాచాలి. నెలవారీ చందా ఆపేసిన రోజు మీ పాత లెక్కలు తెరవలేకపోతే ఇబ్బంది మీకే. నెలకోసారి మొత్తం లెక్కను ఎక్సెల్ ఫైళ్లుగా దింపుకుని వేరేచోట పెట్టే అలవాటు చేసుకోండి. ఆసుపత్రులు, కాలేజీలు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. రోగుల రిపోర్టులు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో తిరగడం ఆపడం ఈ రోజే చేయగల పని.

మీరు ఏ రకమో చూసుకోండి

నర్సింగ్ హోం అయితే రెడీమేడే తీసుకోండి, ఫార్మసీ బిల్లింగ్‌తో మొదలుపెట్టి, తర్వాత ల్యాబ్, ఆఖరున డాక్టర్ నోట్స్. రోగిని చూస్తూ టైప్ చేయడం చాలామంది డాక్టర్లకు ఇష్టం ఉండదు, వాళ్లతో మొదలుపెడితే అక్కడే ఆగిపోతుంది.

పాల సంఘానికి వెన్న శాతం కొలిచే యంత్రమే గుండెకాయ. ఏ యంత్రం తీసుకున్నా అంకె చూపించే తెర పాలు పోసే రైతు వైపు ఉండేలా పెట్టించండి, చిట్టీ అక్కడికక్కడే రావాలి. ముల్కనూర్ లాంటి చోట 1956 నుంచి సహకార సంఘం నిలబడి ఉందంటే అది సభ్యుల నమ్మకం మీదే. సభ్యుడికి కనబడని డిజిటల్ లెక్క వల్ల సంఘానికి ఒరిగేదేమీ లేదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు ఎంపిక బాధ తక్కువ. దేశంలో 63 వేల సంఘాలను ఒకే సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చే పథకాన్ని కేంద్రం 2022లో ఆమోదించింది. వాళ్లు శ్రద్ధ పెట్టాల్సింది పాత బాకీలు సరిచూసుకోవడం మీద.

కాలేజీకి సొంతంగా రాయించుకోవాల్సిన అవసరం నాకు కనబడదు. ఫీజులకు, హాజరుకు రెడీమేడ్ దొరుకుతుంది. జట్టులో ఒక లెక్చరర్‌ను, ఫీజు కౌంటర్ మనిషిని తప్పకుండా పెట్టండి.

కోల్డ్ స్టోరేజీ, రైస్ మిల్లు అయితే పైన చెప్పినట్టు కలిపి వాడండి. కోల్డ్ స్టోరేజీ వాళ్లు మే నెలలో బస్తా వెంట నడక మొదలుపెట్టి, జూన్‌లో పాత పుస్తకాలు తగ్గించి, ఆగస్టుకు ఒక్క ఛాంబర్ మీద కొత్త ప్రోగ్రామ్ పెట్టి చూస్తే, దసరా నాటికి ఏది సరిపోతుందో ఏది కాదో తెలిసిపోతుంది. దసరా దాటినా ఇంకా మొదలుపెట్టి ఉండకపోతే ఈ సీజన్‌కు చిట్టాతోనే నడిపించండి. గుమస్తా అడిగే ప్రశ్నలు ఒక నోటుబుక్‌లో రాసుకుంటూ ఉండండి, మళ్లీ మేలో పనికొస్తాయి.